వాన్ హేలెన్ 'డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్'లో ఆ ఉరికే శబ్దం ఎవరిది?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి, అమెరికన్ రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ 1982లో చేసిన 'డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్' కవర్‌లో (వేరేవాళ్ల పాటని తమ పద్ధతిలో మళ్లీ చేయడమే కవర్) మొదట్నుంచి చివరిదాకా ఉరుకుతూ ఉండే ఆ శబ్దం గిటారా, కీబోర్డా? రెండు, మీ కాలేజీ బ్యాండ్‌లో ఇద్దరు గిటారిస్టులే ఉన్నారు, కీబోర్డు లేదు, మరి దాన్ని గిటార్ మీద తీయొచ్చా? మూడు, వాయింపు అంత బాగున్న కవర్‌ని నెట్‌లో అంతమంది ఎందుకు తిడతారు? చివర్లో ఊళ్ల పేర్ల గురించి కూడా ఒక మాట అడిగారు, దాని దగ్గరికి కూడా వస్తాను.

ముందు సూటిగా జవాబులు. అది గిటార్ కాదు. మినీమూగ్ అనే సింథసైజర్‌ని, అంటే ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డుని, ఎకోలోంచి పంపితే వచ్చిన శబ్దం. వాయించింది మాత్రం గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెనే. గిటార్ మీద అచ్చంగా రాదు గానీ, వినేవాళ్లు ఒప్పుకునేంత దగ్గరగా వస్తుంది. తిట్ల సంగతంటారా, సగం న్యాయమే. మిగతా సగం సరిగ్గా వినకుండా తిట్టినవి.

నేను ఇరవై రెండేళ్లుగా ఆర్కెస్ట్రాల్లో కీస్, అంటే కీబోర్డు, వాయిస్తున్నాను. శనివారం పెళ్లి సంగీత్, ఆదివారం ఏదో ఒక కాలనీ వార్షికోత్సవం, ఇదీ జీవితం. మధ్యలో నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక ఇంగ్లీష్ రాక్ కవర్ బ్యాండ్‌లో కూడా ఉన్నాను. ఈ పాటని స్టేజీ మీద ముప్పై, నలభై సార్లు వాయించి ఉంటాను. అందులో ఒకసారి పూర్తిగా మునిగిపోయాం. అది కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది.

ముందు అసలు పాట వినండి. 1964 వేసవి, డెట్రాయిట్. పాడింది మార్తా అండ్ ద వాండెల్లాస్. రాసింది మిక్కీ స్టీవెన్‌సన్, మార్విన్ గే, ఐవీ జో హంటర్. ఎండ మండిపోతుంటే ఫైర్ ఇంజన్ల కోసం ఉండే వీధి పంపులు తిప్పేసి, ఆ నీళ్లలో పిల్లలు గంతులేయడం చూసి స్టీవెన్‌సన్‌కి ఈ ఊహ వచ్చిందంటారు. మార్తా రీవ్స్ అంతకుముందు ఈ పాట తెచ్చిన మోటౌన్ రికార్డు కంపెనీలోనే సెక్రటరీగా పనిచేసింది. ఈ పాట మొదటిసారి అద్భుతంగా పాడేస్తే, తీరా చూస్తే మెషిన్ ఆన్ చేయలేదని ఇంజనీర్ చెప్పాడట. ఒళ్లు మండి రెండోసారి పాడింది. మనం వింటున్నది ఆ రెండోదే అని ఆవిడే చాలాసార్లు చెప్పింది. ఇది తెలిశాక మళ్లీ వినండి, ఆ గొంతులో పండగతో పాటు కాస్త 'ఇప్పుడైనా నొక్కావా బాబూ' అన్న విసురు కూడా వినపడుతుంది. నాకైతే వినపడుతుంది.

ఆ ఏడాది అక్టోబర్‌కల్లా పాట అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 2వ స్థానానికి ఎక్కింది. కానీ వాయించేవాళ్లకి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఈ పాట చరణంలో దాదాపుగా ఏమీ జరగదు. ఒరిజినల్ ఇ (E) స్కేల్‌లో ఉంటుంది, ఒకే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) మీద అలా కూర్చుని ఉంటుంది. మరి బోరు ఎందుకు కొట్టదు? ప్రతి నాలుగు దెబ్బల్లో 2, 4 మీద స్నేర్ డ్రమ్, టాంబరిన్ కలిసి పడే ఆ దెబ్బ వల్ల. ఐవీ జో హంటర్ ఒక ఇనప గడ్డపార లాంటిది తెచ్చి నేల మీద కొట్టాడని చెప్తారు. వీధిలో జనం చేరి ఎవరి చేతికి దొరికింది వాళ్లు వాయిస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ట్రంపెట్ లాంటి బ్రాస్ వాద్యాలు 'రండి రండి' అని పిలుస్తాయి. జనాన్ని బయటికి లాగేది అవే.

ఇప్పుడు 1982కి రండి. 'డైవర్ డౌన్' ఆల్బం. ఇక్కడ కథ కొంచెం వంకరగా నడిచింది. బ్యాండ్ విశ్రాంతి తీసుకుందామనుకుంది, ఈలోగా జనం మర్చిపోకుండా ఒక్క సింగిల్ వదులుదామన్నారు. సింగర్ డేవిడ్ లీ రాత్ ఈ 'డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్' చేద్దామన్నాడు. ఎడ్డీకి ఒరిజినల్ విని ఏ రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న స్వరాల వరస) తట్టలేదు. సరే అని రాయ్ ఆర్బిసన్ 'ప్రెటీ వుమన్' చేశారు, అదీ 1964 పాటే. అది పైకి ఎక్కడం మొదలుపెట్టగానే రికార్డు కంపెనీ ఆల్బం కావాలని కూర్చుంది. ఆదరాబాదరాగా స్టూడియోలో దూరారు. ఎడ్డీ ఆ రోజుల్లో మినీమూగ్ మీద తన సొంత పాట కోసం ఒక రిఫ్ పట్టుకున్నాడు. దాన్ని విన్న రాత్, ప్రొడ్యూసర్ టెడ్ టెంపుల్‌మన్ ఇద్దరూ 'ఇది డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్‌కి సరిపోతుంది' అన్నారు.

అంటే మీరు అడిగిన ఆ శబ్దం అసలు ఈ పాటది కాదు. వేరే పాటకి పుట్టిన బిడ్డని తెచ్చి ఈ ఇంట్లో పెంచారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే కవర్ ఎందుకు అలా ఉందో సగం అర్థమవుతుంది.

సరే, మినీమూగ్ ఎందుకు అలా మోగుతుంది? దానికి ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది, కార్డ్ పట్టలేరు. స్వరాన్ని పుట్టించే మూడు ఆసిలేటర్లు కలిసి ఆ ఒక్క స్వరాన్నే లావుగా చేస్తాయి. తర్వాత ఫిల్టర్ ఉంటుంది, అది పై శబ్దాల్ని కోసేసి గుండ్రంగా, గొంతులోంచి వచ్చినట్టు చేస్తుంది. గిటార్ తీగని పిక్‌తో కొడితే ముందు 'టిక్'మని తర్వాత స్వరం వస్తుంది. మూగ్‌లో ఆ టిక్ ఉండదు, 'డుబ్' అని మొత్తంగా ఒకేసారి దిగుతుంది.

ఇక ఎకో. ఇదే అసలు కిటుకు. నేను స్టేజీ మీద వాడే లెక్క చెప్తాను. మన భాషలో చెప్తే సులువు. ఒక దెబ్బని త-క-ధి-మి అని నాలుగు ముక్కలు చేయండి. మీరు 'త' మీద, 'ధి' మీద మాత్రమే వాయించండి. ఎకోని సరిగ్గా మూడు ముక్కల దూరంలో పెట్టండి. ఇప్పుడు 'త' మీద మీరు కొట్టింది మూడు ముక్కల తర్వాత 'మి' మీద తిరిగొస్తుంది. 'ధి' మీద కొట్టింది తర్వాతి దెబ్బలోని 'క' మీద తిరిగొస్తుంది. మీరు రెండే వాయించారు, నాలుగూ నిండిపోయాయి. పైగా తిరిగొచ్చేది పాత స్వరం కాబట్టి, మీ చేతి కింద స్వరం మారినప్పుడల్లా కొత్తదీ పాతదీ జడలా అల్లుకుంటాయి. నోటితో 'త.. ధి..' అంటూ పక్కన స్నేహితుణ్ణి 'క.. మి..' అనమనండి, అర్థమైపోతుంది. మా డ్రమ్మర్ మృదంగం నేర్చుకున్న కుర్రాడు, నేను ఇంగ్లీషులో డాటెడ్ ఎయిత్ అని పావుగంట వివరిస్తే బుర్ర గోక్కున్నాడు. తకధిమి అనగానే 'ఓ అదా' అని నవ్వేశాడు.

ఎకో ఇచ్చే డిలే పెడల్‌లో ఎంత పెట్టాలి? 45,000ని మీ టెంపోతో (నిమిషానికి ఎన్ని దెబ్బలో దానితో) భాగించండి, వచ్చేది మిల్లీసెకన్లలో ఉంటుంది. టెంపో 120 అయితే 375. 125 అయితే 360. అంతే.

ఈ లెక్క దగ్గరే మేం మునిగింది. ఒక డిసెంబర్ 31 రాత్రి, ఊరి బయట ఒక రిసార్ట్. ఆరుబయట స్టేజీ, పొగమంచు, మా ముందు మూడొందల మంది. నేను డిలే 375 పెట్టుకుని మొదలుపెట్టాను, శుభ్రంగా ఉంది. డ్రమ్స్ దిగాయి. రెండో చరణానికి నా చేతుల కింద ఏదో జారుతున్నట్టు అనిపించింది. చలికో, న్యూ ఇయర్ హుషారుకో, డ్రమ్మర్ కొంచెం కొంచెం పరుగెత్తాడు. మామూలు పాటలో అది పెద్ద సమస్య కాదు, అందరం వెనకాలే పరుగెత్తుతాం. కానీ ఎకో పరుగెత్తదు కదా! టెంపో 130 దాకా పోయుంటుంది. అప్పుడు ఎకో 346 దగ్గర రావాలి, నాది ఇంకా 375 దగ్గరే ఉంది. ప్రతి 'మి' 29 మిల్లీసెకన్లు ఆలస్యం. వినడానికి రాళ్ల దారిలో ఇటుకల బండి పోతున్నట్టుంది. ఎకోని నమ్మాలో డ్రమ్స్‌ని నమ్మాలో తెలియక నేను మధ్యలో నలిగిపోయాను. చివరికి డిలే ఆఫ్ చేసేశాను. ఒక్కసారిగా పాట బట్టలూడదీసినట్టు నిలబడింది. జనం మాత్రం డాన్స్ చేస్తూనే ఉన్నారు, 31 రాత్రి కదా, ఏం వాయించినా చేస్తారు.

దిగాక పోట్లాడుకున్నాం. తీరా విషయం ఏమిటంటే డ్రమ్మర్ మానిటర్‌లో, అంటే వాడికి వినపడేలా పెట్టే స్పీకర్‌లో, నా కీస్ అసలు లేదు. సౌండ్ అబ్బాయి పెట్టలేదు, మేం అడగలేదు. వాడికి వినపడింది గిటార్, బేస్, వోకల్ మాత్రమే. ఈ పాటలో ఎకోనే గడియారం. డ్రమ్మర్ దాన్ని అనుసరించాలి, అది డ్రమ్మర్‌ని అనుసరించదు. అనుసరించాలంటే ముందు వినపడాలి. తప్పు వాడిది కాదు, ముందు జరిగే సౌండ్ పరీక్షలో నోరు మూసుకున్న నాది.

ఇప్పుడు గిటార్ మీద ఎలా తీయాలో. ఇద్దరు గిటారిస్టులున్నారు కాబట్టి ఒకరు పాటంతా ఈ రిఫ్‌కే కట్టుబడాలి, కదలడానికి లేదు. రెండో ఆయన కార్డులు, సోలో చూసుకోవాలి. ఎడ్డీకి స్టూడియోలో ట్రాక్ మీద ట్రాక్ వేసుకునే వీలుంది, మీకు లేదు.

రిఫ్ వాయించే గిటార్‌కి నెక్ పికప్ పెట్టండి, టోన్ నాబ్ బాగా తగ్గించండి. అరచేతి అంచుని బ్రిడ్జ్ మీద ఆనించి మ్యూట్ చేస్తూ వాయించండి, స్వరం పొట్టిగా తెగాలి. ఆక్టేవ్ పెడల్ ఉంటే ఒక ఆక్టేవ్ కింద శబ్దం కలపండి, మూగ్ లావు కొంత వస్తుంది. ఆటో వా పెడల్ ఉంటే కొంచెమే కలపండి, ఎక్కువైతే కప్పల అరుపులా ఉంటుంది. డిస్టార్షన్ కావాలంటే డిలేకి ముందే రావాలి. తర్వాత పెడితే ఎకోలన్నీ కలిసి బురదైపోతాయి. డిలేలో రిపీట్లు ఒకటి, మహా అయితే రెండు. అందరూ తప్పు చేసేది ఎకో వాల్యూమ్ దగ్గర. మామూలుగా సోలోలకి పెట్టినట్టు వెనకాల మెల్లగా పెడతారు. ఇక్కడ ఎకో మీరు కొట్టినదానికి దాదాపు సమానంగా వినపడాలి, లేకపోతే తకధిమిలో 'త', 'ధి' తప్ప ఏమీ మిగలవు.

కార్డులంటారా, ఎక్కువగా కదిలేది మధ్యలో వచ్చే భాగమే. ఒరిజినల్ ఇ (E) స్కేల్‌లో చూస్తే అక్కడ జీ షార్ప్, సీ షార్ప్ మైనర్, ఎఫ్ షార్ప్ మీదుగా బీ దగ్గరికి వచ్చి మళ్లీ ఇంటికి చేరుతుంది. మీ సింగర్ గొంతుని బట్టి స్కేల్ మార్చుకోండి. సింగర్ అమ్మాయి అయితే మార్తా వెర్షన్ విని నేర్చుకోమనండి, రాత్ వెర్షన్ కాదు. రాత్ పాడేది తక్కువ, జాతరలో మైకు పట్టుకున్న ఎనౌన్సర్‌లా పిలిచేది ఎక్కువ. ఆయనకి అది చెల్లింది.

ఇక తిట్లు. ఆల్బంలో 12 ట్రాకులుంటే 5 కవర్లు. మొత్తం నిడివి 31 నిమిషాల చిల్లర. సొంత పాటల కోసం డబ్బు పెట్టి కొన్నవాడికి ఒళ్లు మండదా మరి? పన్నెండు రోజుల్లో అయిపోయిందని చెప్పే ఆల్బం అది. ఎడ్డీ కూడా తర్వాత్తర్వాత దీన్ని ఇష్టంగా తలుచుకోలేదు. ఇతరుల పాటతో హిట్ కొట్టడం కంటే సొంత పాటతో ఫ్లాప్ అవ్వడమే నయం అన్న అర్థంలో మాట్లాడాడు. తన మూగ్ రిఫ్ అలా చేతులు మారడం ఆయనకి తర్వాత కూడా మంటే. ఇదంతా తిట్టేవాళ్ల పక్షాన ఉన్న న్యాయం.

అన్యాయం ఎక్కడంటే, 'ఒరిజినల్‌నే దించేశారు, కష్టపడలేదు' అనడం. దీనికి ఎడ్డీ అప్పట్లోనే గట్టిగా చిరాకుపడ్డాడు. కవర్‌ని కొత్తగా వినిపించడానికి సొంత పాట రాసినంత పని పడుతుందని ఆయన వాదన. ఈ పాటని పక్కపక్కన పెట్టి వినండి. బ్రాస్ పోయింది. టాంబరిన్ గుంపు పోయింది. ఒకే కార్డ్ మీద కూర్చునే చరణం కింద కదిలే రిఫ్ వచ్చింది. పాట ఎముకలు తప్ప అన్నీ మార్చేశాడు, దాన్ని దించేయడం అంటే ఎలా?

నా అభిప్రాయం అడిగితే, కవర్‌లో పోయింది శ్రమ కాదు, జనం. ఒరిజినల్‌లో వీధి వినపడుతుంది. దీన్లో తలుపులేసుకున్న గదిలో ఒక మేధావి యంత్రంతో ఆడుకోవడం వినపడుతుంది, బయట నిలబడి రాత్ అందర్నీ రమ్మని అరుస్తుంటాడు. రెండూ కలవలేదు. అయినా సింగిల్ అమెరికాలో 38వ స్థానం దాకా వెళ్లింది, ఆల్బం 3వ స్థానం దాకా వెళ్లింది. ఇంకో సంగతి. ఎడ్డీ ఆ తర్వాత ఇంట్లోనే 5150 అనే స్టూడియో కట్టుకున్నాడు. 1984లో సింథసైజర్‌ని ముందు పెట్టి చేసిన 'జంప్' వాళ్లకి అమెరికాలో నంబర్ 1 అయింది. అది వేరే సింథ్, ఓబర్‌హైమ్. కానీ కీబోర్డు రిఫ్ మీద హార్డ్ రాక్ పాట మొత్తం నిలబెట్టొచ్చన్న ధైర్యం ఈ కవర్‌లోనే కనపడుతుంది. ఆ వరసలో పెట్టి వింటే నాకు దీని మీద గౌరవం పెరుగుతుంది.

మిగతా కవర్లు కూడా అడిగేవాళ్లుంటారు కాబట్టి రెండు ముక్కలు. కింక్స్ 1965లోనే చేశారు. మామాస్ అండ్ పాపాస్ 1966లో చేశారు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1977లో డిస్కో పోకడలో లాగారు. మిక్ జాగర్, డేవిడ్ బౌయీ కలిసి 1985లో ఆఫ్రికా కరువు సాయం కోసం చేసింది బ్రిటన్‌లో నంబర్ 1. ఆ వీడియో చూసి నవ్వుకోవడానికి బాగుంటుంది, వాయించి నేర్చుకోవడానికి అందులో మీకేం దొరకదు.

ఊళ్ల పేర్లు మార్చి విజయవాడ, గుంటూరు పెట్టొచ్చా అన్నారు. నిక్షేపంగా. ఈ పాట కట్టిన తీరే దానికి అనువుగా ఉంది, షికాగో, న్యూ ఓర్లీన్స్, న్యూయార్క్ అంటూ ఊళ్లని పిలుస్తూ పోతుంది. మేం వరంగల్‌లో వాయించినప్పుడు చేశాం. ఒకటే జాగ్రత్త, పేరు చివర సాగదీయగలిగే అచ్చు ఉండాలి. 'ఫిలడెల్ఫియా' ఉన్నచోట 'విజయవాడ' హాయిగా కూర్చుంటుంది, 'గుంటూరు' పొట్టిగా తెగిపోతుంది కాబట్టి ముందు ఇంకో ఊరు కలిపి పాడండి. చివర్లో 'మోటార్ సిటీ'ని మర్చిపోవద్దు అనే చోటు వస్తుంది. అది కార్లు తయారయ్యే డెట్రాయిట్, అంటే పాట పుట్టిన ఊరు. అక్కడ మీ కాలేజీ ఉన్న ఊరి పేరు పెట్టండి, చిన్న పల్లెటూరైనా సరే. దాని ముందు డ్రమ్మర్‌ని రెండు దెబ్బలు ఆపమనండి. ఎకో మాత్రం ఆపకండి, అది ఒక్కటే ఆ ఖాళీలో పరుగెడుతుండాలి.